భ్రమరాంబ గారి టౌన్ హాలు

మొన్న సోమవారం పొద్దున ఆఫీసు లిఫ్టు తలుపు తెరుచుకోగానే అమ్మోనియా ఘాటు గుప్పున ముక్కుకు కొట్టింది. అద్దాలు తుడిచే మందు ఎవరో ఒలకబోసినట్టున్నారు. నా వెనక వస్తున్న ఇద్దరు కుర్రవాళ్ళు ముక్కు మూసుకుని గబగబా పక్కకు తప్పుకున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడి హాయిగా ఆ వాసన పీల్చాను. "ఆహా, మా ఆఫీసు వాసనే పిల్లా!" అని చెవి పక్కన ఎవరో అన్నట్టయింది. ఆ మాట అనే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ వయసులో ఉండగా పనిచేసిన ఆఫీసులో పెద్ద పెద్ద డ్రాయింగులకు నకళ్ళు తీసే యంత్రంలో అమ్మోనియా పోసేవారట. చీరలకు, జుట్టుకు, చివరికి మధ్యాహ్నం తినే పెరుగన్నానికి కూడా అదే వాసన పట్టేదట. ఆవిడ పేరు భ్రమరాంబ. పోయి ఏడాది దాటింది.

ఆవిడను ఎరగనివాళ్ళకు ఆవిడ గురించి చెబుదామని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఒక చోటికి వచ్చేసరికి లేచి వెళ్ళి టీ పెట్టుకునేదాన్ని. ఆ చోటు ఏమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇవాళ కూడా లేచిపోతాను. నేను చేసిన తప్పు ఆవిడ మీద పడింది. పడుతుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. ఆవిడ బతికుండగా నిజం చెప్పడానికి నాకు దాదాపు రెండేళ్ళు టైముంది. చెప్పలేదు.

టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఎం.ఎస్. ముగించి ఇర్వింగ్‌లో ఈ ఆఫీసులో చేరి ఎనిమిదేళ్ళయింది. మాది పాత భవనాలకు కొలతల బొమ్మలు తయారుచేసే కంపెనీ. ఒక లేజరు యంత్రాన్ని తీసుకెళ్ళి భవనంలో గదిగదికీ పెడతారు. అది గిర్రున తిరిగి గోడలూ కిటికీలూ పైకప్పులూ అన్నింటినీ కోట్ల చుక్కలుగా పట్టుకొస్తుంది. ఆ చుక్కలను కంప్యూటర్లో పరిచి, వాటి మీద మేము గోడ గీస్తాం, తలుపు గీస్తాం. మేము గీసినదాన్ని చూసి, సరిగ్గా ఉందని సంతకం పెట్టడానికి ఒక చెకర్ ఉంటారు. మా చెకర్ భ్రమరాంబ గారు. అప్పటికే ఆవిడకు డెబ్బయ్ దగ్గర పడుతున్నాయి. నేత చీర, దాని మీద బూడిదరంగు స్వెటరు, కాళ్ళకు తెల్ల బూట్లు. కాపెల్ నుంచి తన పాత కారులో తనే వచ్చేది. హైవే మీద కుడివైపు చివరి లేనులో, బోర్డు మీద రాసిన స్పీడుకు ఒక్క మైలు ఎక్కువ పోదు. అందరూ హారన్ కొట్టి దాటిపోతుంటే చెయ్యి ఊపుతూ, "వెళ్ళు నాయనా, వెళ్ళు, నీకేదో అర్జంటు" అని ఒక్కొక్కళ్ళనీ సాగనంపేది. ఒకసారి నా కారు చెడిపోతే ఆవిడ కారెక్కాను. ఇరవై నిమిషాల దారికి యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ నవ్వుతూనే ఉన్నాను.

నేను ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళిన మొదటి షీటు టెక్సాస్‌లోనే ఒక చిన్న ఊరి కోర్టు భవనానిది. బల్ల మీద పరిచింది. రెండు పెన్సిళ్ళు తీసింది, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. తప్పుకు ఎరుపు, ఒప్పుకు పసుపు. ఇది ఈ వృత్తిలో పాత పద్ధతే, ఇప్పుడు చాలామంది వదిలేశారు.

"తలుపు వెడల్పు ఎంత వేశావే అమ్మాయ్?" అంది.

"మూడడుగులు మేడం."

"పదకొండు తలుపులూ మూడడుగులేనా?"

"స్టాండర్డ్ సైజు గదా మేడం."

"ఓసి నీ స్టాండర్డు బంగారం గానూ! నూరేళ్ళ కిందటి వడ్రంగి దగ్గరికెళ్ళి నీ స్టాండర్డు ఎవరు చెప్పొచ్చారే? వాడి దగ్గరున్న చెక్క ఎంతుంటే అంత తలుపు చేశాడు. ఉన్నది గియ్యి. ఉండాల్సింది గీయమని నిన్నెవరూ అడగలేదు."

పదకొండు తలుపుల చుట్టూ పదకొండు ఎర్ర సున్నాలు చుట్టింది. నేను బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. తిరిగి వచ్చి చూస్తే నా బల్ల మీద ఒక జంతికల పొట్లం, ఒక పసుపు పెన్సిలు ఉన్నాయి. ఆ రోజు నుంచి నాకొక నియమం పెట్టింది. షీటు ఆవిడ దగ్గరికి వెళ్ళేముందు నా పసుపు దాని మీద ఉండాలి. ఒక్కో కొలత మీదా వేలు పెట్టాలి, తెర మీద చుక్కల దగ్గర అదే కొలత మళ్ళీ తీయాలి, బయటికి వినబడేలా చదవాలి, రెండూ కలిస్తేనే పెన్సిలు తాకించాలి. "పసుపు పూశావంటే అది నువ్వు ఇచ్చిన మాట. నీ మాట మీద నేను సంతకం పెడతాను," అనేది. ఆఫీసులో నేను ఒక్కదాన్నే కూర్చుని గోడలతో మాట్లాడుతుంటే పక్కవాళ్ళు వింతగా చూసేవారు. కొన్నాళ్ళకు వాళ్ళకూ అలవాటైపోయింది.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్ళం. ఆవిడది కాకినాడ. పెళ్ళికి ముందు అక్కడ ప్రభుత్వ ఆఫీసులో ట్రేసరు, అంటే ఇంజినీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి గుడ్డలాంటి కాగితం పరిచి, సిరాతో నకలు తీసే మనిషి. డాక్టరును పెళ్ళిచేసుకుని ఇంగ్లండు వెళ్ళింది. ఉత్తరాన ఒక ఉన్ని మిల్లుల ఊరు. ఇంట్లో కూర్చుంటే తుప్పు పడతానని ఆ ఊరి టౌన్ హాల్లోనే ట్రేసరు ఉద్యోగం వెతుక్కుంది. పందొమ్మిదేళ్ళు చేసింది. భర్త పోయాక కూతురు నీరజ ఉద్యోగంతో టెక్సాస్ వస్తే తనూ వచ్చేసింది. ఇంత జీవితంలోనూ ఆవిడ నోట ఎక్కువగా వచ్చేది ఆ టౌన్ హాలే. వంకాయ కూరలోంచి మొదలైన మాట కూడా తిరిగి తిరిగి అక్కడికే చేరేది.

"పక్క ఊరివాళ్ళు పెద్ద టౌన్ హాలు కట్టారని మావాళ్ళు ఇంకో ఇరవై అడుగులు ఎత్తు లేపి కట్టారు. కాకినాడకీ రాజమండ్రికీ ఉన్న పోటీయే అనుకో," అనేది. తేనె రంగు రాయట. మిల్లుల పొగకు బొగ్గులా నల్లబడితే, వానకు తడవని మూలల్లో మసి ఇంకా దట్టంగా పేరుకునేదట. ముందు ఆరు స్తంభాల పంచ. లోపలికి అడుగు పెట్టగానే రంగురంగుల కాల్చిన పలకల నేల, ఒక్కో పలక మీదా గొర్రె తల. అక్కడి నుంచి ఒక పెద్ద మెట్లవరస పైకి వెళ్ళి మధ్యలో రెండుగా చీలుతుంది. కుడివైపు ఎక్కితే కౌన్సిలు సభ, గుర్రపు లాడంలా వంపు తిరిగిన టేకు బల్లలు. ఎడమవైపు ఎక్కితే వెయ్యిమంది పట్టే హాలు, గోడ పొడవునా ఆర్గను అనే పెద్ద వాద్యం గొట్టాలు. గోడల్లో గాలి ఆడడానికి రహస్యంగా దారులు వదిలారట, వాటి మూతలకు కూడా ఇత్తడి ఆకులూ లతలూ చెక్కారట. పైన గడియారం టవరు. అన్నింటికీ అడుగున, నేలమాళిగలో, ఈవిడ గది. దాని కిటికీ సరిగ్గా పేవ్‌మెంట్ ఎత్తున ఉండేదట.

"పందొమ్మిదేళ్ళు ఆ ఊరివాళ్ళ కాళ్ళే చూశానే. ఎవరి బూట్లు ఎవరివో చెప్పగలను. మొహాలు అడిగితే తెలీదు," అని పకపకా నవ్వేది. ఆ భవనంలో ప్రతి రాయినీ రెండుసార్లో మూడుసార్లో సిరాతో గీసింది. కానీ షీటు మూలన పేర్లు రాసే గడుల్లో గీసినవారికి ఒకటి, చూసినవారికి ఒకటి ఉండేవి, నకలు తీసినవాళ్ళకు గడి లేదు. "ఆడపిల్లలం నలుగురం. మాకు గడి అక్కర్లేదనుకున్నారు. నేనూ అడగలేదు," అని ఊరుకునేది. ఆ మాట దగ్గర మాత్రం నవ్వేది కాదు.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు మా మేనేజరు బ్రయన్ కొత్త పనులు చదువుతూ ఆ ఊరి పేరు చదివాడు. టౌన్ హాలుకు మరమ్మతులు చేస్తున్నారట. అక్కడి ఇంజినీర్ల కంపెనీ ఒకటి లేజరు చుక్కలన్నీ పంపి, బొమ్మలు మమ్మల్ని గీసిపెట్టమంది. భ్రమరాంబ గారు కుర్చీలోంచి లేచి నిలబడింది. "అది నా బిల్డింగ్ బ్రయన్," అంది. అతనికి అర్థం కాలేదు. మర్నాడు ఆఫీసంతటికీ కజ్జికాయలు పంచింది. అమెరికన్లు వాటిని ఏ చివర నుంచి కొరకాలో తెలియక ఒళ్ళంతా పొడి చల్లుకున్నారు. నేను ఆ చుక్కలను పెద్ద తెర మీద తెరిచి, మౌసు ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ స్తంభాల మధ్యలోంచి లోపలికి వెళ్ళి, గొర్రె తలల మీదుగా నడిచి, నేలమాళిగలోకి దిగి, ఒక కిటికీ ముందు ఆగింది. "ఇదిగో," అంది. చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

మొదటి షీటు పూర్తయ్యాక చూసినవారి గడిలో ఆవిడ పొడి అక్షరాలు పడ్డాయి. ఒక ప్రింటు అడిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది. "ఇన్నేళ్ళకు ఆ ఇంటి కాగితం మీద నా పేరు పడిందే పిల్లా. మా ఆయనుంటే బావుండేది," అంది. ఆ ఆరు నెలల్లో ఆవిడ ముఖం చూసినవాళ్ళెవరూ ఆవిడకు డెబ్బయ్ ఏళ్ళంటే నమ్మేవారు కాదు.

ఇక ఆ చోటికి వచ్చాను.

గడియారం టవరు షీటు అన్నిటికన్నా చివరిది. అది శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా ఇంగ్లండు వెళ్ళిపోవాలి. ఆ వారంలోనే మా ఆయన ప్రవీణ్ ఉద్యోగం పోయింది. ఇద్దరివీ హెచ్-వన్ వీసాలే. అతనికి అరవై రోజుల గడువు, ఆ తర్వాత నా వీసా నీడలోకి రావాలి. అంటే నా ఉద్యోగం ఉంటేనే ఇద్దరమూ ఉంటాం. మా ఆఫీసులో కూడా ఇద్దర్ని తీసేశారు. నా గ్రీన్ కార్డు కాగితాలు సగంలో ఉన్నాయి. ఇవన్నీ నిజమే, కానీ వీటిని సాకుగా చెప్పడం లేదు. ఆ వారం నా బుర్ర పనిలో లేదు, అంతే. టవరు చుక్కలు తెరిచి చూస్తే సగం ఎత్తు దాకా అవి ఒక పక్కకు ఒరిగి, అక్కడి నుంచి పైకి నిలువుగా లేచాయి. లోపలి మెట్లు మరీ ఇరుకు, యంత్రాన్ని సరిగ్గా నిలబెట్టి ఉండరు, పైకి పోయేకొద్దీ కొలత పక్కకు జరిగి ఉంటుంది, అనుకున్నాను. అలా జరగడం మాకు మామూలే. రాతి టవరు నడుం వంచుకుని మళ్ళీ నిటారుగా ఎలా నిలబడుతుంది? పక్క గదుల చుక్కలు తీసి సరిచూస్తే గంటన్నర పని. చూడలేదు. టవరును కింద నుంచి పైదాకా గుంజలా నిలబెట్టేశాను. ఆ తర్వాత పసుపు పెన్సిలు తీసుకుని, వేలు పెట్టకుండా, నోరు తెరవకుండా, షీటంతా ఆ చివర నుంచి ఈ చివరకు పూసేశాను. ఐదు నిమిషాలు పట్టింది.

ఆవిడ షీటును చాలాసేపు చూసింది.

"టవరు మరీ ఇంత నిటారుగా ఉందేమిటే? కింద సగం ఒరిగి ఉండాలి. మధ్యలో ఆ మెలిక దగ్గర రాళ్ళు గీసేటప్పుడు నా చెయ్యి తిరిగేది కాదు. కట్టేటప్పుడే నేల కుంగితే, మేస్త్రీలు పై సగం నిలువుగా సర్దుకుని కట్టారని చెప్పేవారు."

"అప్పుడు మీరు టేపుతో కొలిచిన్రు మేడం. ఇది లేజర్. లేజర్ అబద్ధం చెప్పదు గదా," అన్నాను.

లేజరు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.

ఆవిడ పసుపు మీద అరచేయి పెట్టి నిమిరింది. "నువ్వు చూశావుగా?"

"చూసిన మేడం."

"అంతేనేమోలే. నలభయ్యేళ్ళ కిందటి మాట. నా జ్ఞాపకమే దారి తప్పిందేమో," అని సంతకం పెట్టింది. షీటు రెండున్నరకే వెళ్ళిపోయింది. నేను ఇంటికెళ్ళి ప్రవీణ్‌కు పూరీలు చేసి పెట్టాను. ఆ రాత్రి బ్రహ్మాండంగా నిద్రపోయాను కూడా. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఐదు నెలల తర్వాత ఇంగ్లండు నుంచి వీడియో కాల్. టవరు లోపల గంటలను మోయడానికి మా కొలతల ప్రకారం ఒక ఉక్కు చట్రం చేయించారు. పైకెత్తి దింపబోతే నాలుగు అంగుళాల తేడాతో గోడకు తగిలి ఆగిపోయింది. రాతి అంచు ఒకటి విరిగింది. పని ఆగింది. వాళ్ళు కొలిచి చూస్తే టవరు ఒరిగి ఉంది, మా బొమ్మలో నిటారుగా ఉంది. బ్రయన్ ముఖం ఎర్రబడింది. ఈ షీటు ఎవరు చెక్ చేశారని అడిగాడు.

"నేనే. సంతకం నాది, తప్పు నాది," అంది భ్రమరాంబ గారు.

బ్రయన్ నా వైపు తిరిగాడు. "స్వరూపా, నువ్వు చెప్పేదేమైనా ఉందా?"

చెప్పాలనుకున్నాను, ఒట్టు. కళ్ళ ముందు ప్రవీణ్, వీసా కాగితాలు, సూట్‌కేసులు తిరిగాయి. ఆవిడ చెప్పినదానికి నేను కలపాల్సింది ఏమీ లేదని ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాట ఇంగ్లీషులో ఎంత మర్యాదగా ఉంటుందో! ఆవిడ నా వైపు చూడలేదు. తెర మీద తన టవరునే చూస్తూ కూర్చుంది.

ఆ వారాంతానికే ఆవిడ ఉద్యోగం ముగిసింది. వయసు మీద పడింది, గౌరవంగా విశ్రాంతి తీసుకోవచ్చు అన్నారు. స్కేళ్ళు, పెన్సిళ్ళు ఒక అట్టపెట్టెలో సర్దుకుంది. నేను పెట్టె పట్టుకుని కారు దాకా వెళ్ళాను. పార్కింగ్‌లో ఎండ మాడ్చేస్తోంది. కారు ఎక్కి, అద్దం దించి, "ప్రవీణ్‌కు ఏదైనా దొరికిందా?" అని అడిగింది.

"ఇంకా లేదు మేడం."

"దొరుకుతుందిలే. ఎండలో నిలబడకు, లోపలికి పో," అంది. కారు ఎప్పటిలాగే మెల్లగా గేటు దాటింది. ఆవిడకు అంతా తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యీ లోపలికి పోయాను.

టవరును నేనే మళ్ళీ గీశాను, ఈసారి ఒరిగినట్టే. అనుమానం కొద్దీ మిగతా షీట్లన్నీ కూడా తిరిగి చెక్ చేయించారు. అన్నిటి మీదా చూసినవారి గడిలో బ్రయన్ అక్షరాలు పడ్డాయి. పాతవి రద్దయ్యాయి. ఆ భవనం కాగితాల మీద భ్రమరాంబ గారి పేరు ఏడాది కూడా నిలవలేదు.

ఏడాది తర్వాత ప్రవీణ్‌కు ఉద్యోగం వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసే రకాన్ని కాదని నాకు నేను రుజువు చేసుకోవాలనిపించి ఒక ఆదివారం కాపెల్ వెళ్ళాను. అప్పటిదాకా ఫోన్లే. దారి పొడవునా చెప్పాల్సిన మాట గట్టిగా అంటూ డ్రైవ్ చేశాను. తలుపు ఆవిడే తీసింది. చిక్కిపోయింది. గరాజ్‌లో కారు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము.

"కారు తీస్తలేరా మేడం?"

"తాళాలు నీరజ దగ్గరున్నాయి. ఆఫీసులో అంత పెద్ద పొరపాటు చేశానుగా. రేపు రోడ్డు మీద ఏం చేస్తానో అని దాని భయం. దాని తప్పేముంది పాపం." కాఫీ కలుపుతూ మామూలుగా చెప్పింది. "మతిమరుపు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళిందే. గడియారం గీయమన్నాడు. గీశాను. ఇంకేమైనా గీయమంటారా బాబూ అని అడిగాను." కొంచెం నవ్వింది. "ఇక్కడ కారు లేకపోతే ఏముందే. లైబ్రరీ లేదు, గుడి లేదు. నీరజ వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవడమే. ఈ వీధిలో కాళ్ళు కూడా కనిపించవు, అందరూ కార్లలోనే పోతారు."

నా గ్లాసు చేతిలో అలాగే ఉంది. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"ఆ టవరు షీటు ఇంకా నా కళ్ళకు కట్టినట్టే ఉంది. పసుపు ఎంత నున్నగా ఉందనుకున్నావు! ఎక్కడా పెన్సిలు ఆగలేదు. అది చూశాను. టవరు సంగతి నాకు గుర్తూ ఉంది. అయినా నా కళ్ళను, నా జ్ఞాపకాన్ని నేనే నమ్మలేదు. తప్పు నాది కాకపోతే ఎవరిది?" అని ఆగి, మెత్తగా అడిగింది, "ఏదైనా చెప్పాలని వచ్చావా స్వరూపా?"

ఎప్పుడూ అమ్మాయ్, పిల్లా అనే మనిషి ఆ రోజు పేరు పెట్టి పిలిచింది. ఇంతకన్నా తలుపు తెరిచి పట్టుకునేవాళ్ళు ఎవరుంటారు? గ్రీన్ కార్డు ఇంకో ఐదారు నెలల్లో వచ్చేస్తుంది, అప్పుడు బ్రయన్‌కు, నీరజకు, అందరికీ చెప్పేద్దాం, ఇంకొన్నాళ్ళేగా అని నా లోపల ఎవరో లెక్చరు ఇస్తున్నారు. మింగలేక కక్కలేక, "ఏం లేదు మేడం, ఊరికే మిమ్మల్ని చూసి పోదామని," అన్నాను.

"సరే అయితే. కాఫీ చల్లారుతోంది, తాగు," అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ చలికాలంలో ఆవిడకు న్యుమోనియా చేసింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయింది. నేను వెళ్ళేసరికి నోట్లో గొట్టాలున్నాయి. చెయ్యి పట్టుకుని చెబుదామనుకుంటే చుట్టూ నర్సులు. నర్సులకు తెలుగు రాదని బయటికొచ్చాక గానీ తట్టలేదు. అంటే నేను చెప్పదలుచుకోలేదనే కదా! ఆవిడ పోయిన పదిహేను రోజులకు నా గ్రీన్ కార్డు వచ్చింది. ఆ రోజే బ్రయన్ గదిలోకెళ్ళి అంతా చెప్పాను. అతను, "ఆ ఫైలు మూసేశాం. ఆవిడ కూడా లేరు. ఇప్పుడు దీంతో నన్నేం చేయమంటావు?" అన్నాడు. నాకు ఏ శిక్షా పడలేదు. పడితే బావుండేది.

నెల తర్వాత నీరజ ఫోన్ చేసింది. "అమ్మ డ్రాయింగ్ థింగ్స్ ఉన్నాయి. నువ్వు వచ్చి తీసుకో, అమ్మకి నువ్వంటే చాలా ఇష్టం," అంది. నీరజ పుట్టి పెరిగింది ఇంగ్లండులోనే, తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది. ఆ వంటింట్లోనే, అదే బల్ల దగ్గర కూర్చుని చెప్పాను. టవరు నిజంగానే ఒరిగి ఉందని, సరిచూడకుండా పసుపు పూసింది నేనని, మీ అమ్మ నన్ను ఆపి అడిగిందని, నేను అబద్ధం చెప్పానని. మీ అమ్మ మతికి ఏమీ కాలేదని.

నీరజ నా ముందున్న అట్టపెట్టెను పక్కకు జరిపింది.

"అమ్మ నాకు చెప్పింది. ఎవరు డ్రా చేశారో చెప్పలేదు, నేను అడిగినా చెప్పలేదు. బట్ చెప్పింది, ఆ టవర్ బెండ్ నాకు గుర్తుంది, నా మైండ్ బాగానే ఉంది అని. త్రీ టైమ్స్ చెప్పింది. కార్ కీస్ తీసుకున్న రోజు కూడా. నేనేమన్నానో తెలుసా? అందరూ అలానే అంటారు అమ్మా, అన్నాను."

ఏడ్చింది. నేను చెయ్యి చాచితే తీసుకోలేదు.

"ఇప్పుడెందుకు చెప్పావు నాకు? అమ్మ ఉన్నప్పుడు చెప్తే నేను సారీ చెప్పేదాన్ని కదా. ఇప్పుడు నేను ఎవరికి చెప్పాలి?"

పెట్టె తీసుకోకుండానే వచ్చేశాను. చెబితే బరువు దిగుతుందనుకున్నాను. దిగకపోగా సగం ఆ అమ్మాయి నెత్తిన పెట్టి వచ్చాను. అప్పటిదాకా నీరజ తల్లిని పోగొట్టుకున్న కూతురు మాత్రమే. ఆ మధ్యాహ్నం నుంచి తల్లిని నమ్మని కూతురు కూడా. ఆమెను అలా చేసింది నేను.

నీరజ ఇప్పుడు నా ఫోన్ ఎత్తదు. నేనూ పదేపదే చేయను. భ్రమరాంబ గారికి గుర్తున్నదే నిజమని, ఆవిడ మతి చివరిదాకా చెక్కు చెదరలేదని ఇప్పుడు మా ఇద్దరికీ బాగా తెలుసు. మూడుసార్లు చెప్పినా ఒకరు నమ్మలేదు, ఎదురుగా కూర్చుని అడిగినా ఒకరు నోరు విప్పలేదు. "మీకు సరిగ్గానే గుర్తుంది" అన్న ఆ ఒక్క మాట ఎవరూ అనకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.